తొలి గంటకు ముందే తరగతి గది సిద్ధం
ఒకటి, రెండు తరగతుల ఉపాధ్యాయులు బడి తెరిచేలోగా చూసుకోవలసినవి

మదనపల్లె: వేసవి సెలవుల అనంతరం ప్రభుత్వ పాఠశాలలు సాధారణంగా జూన్ 12న పునఃప్రారంభమవుతాయి. ఆ ఉదయం తలుపులు తెరుచుకునే పల్లె బడులలో చాలా వాటిలో ఐదు తరగతులకు ఉపాధ్యాయులు ఇద్దరే. కొన్నిచోట్ల ఒక్కరే. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఒకే గదిలో, పక్కపక్కనే పరచిన చాపలపై కూర్చుంటారు. 2025లో పాఠశాలల పునర్వ్యవస్థీకరణ సందర్భంగా ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికొక ఉపాధ్యాయుడు ఉండాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. బేసిక్ ప్రాథమిక పాఠశాలలుగా మిగిలిన చిన్న బడులకు ఆ వెసులుబాటు లేదు. రెండో తరగతి ముగిసేనాటికి చదవడం రాని పిల్లవాడు మూడో తరగతి నుంచి ప్రతి పాఠంలోనూ వెనుకబడతాడు. అందుచేత మొదటి రెండు తరగతుల గదిని ముందుగా సిద్ధం చేసుకోవడం పెద్ద తరగతుల ఏర్పాట్లకంటే ముఖ్యమైన పని.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం అనుబంధంలో ఈ విషయమై కొన్ని స్పష్టమైన అంశాలు ఉన్నాయి. 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు జరగాలి. ప్రతి తరగతికి అవసరమైన బోధనోపకరణాలు, ప్రతి పాఠశాలకు కథల పుస్తకాలతో కూడిన గ్రంథాలయం కల్పించాలి. ఉపాధ్యాయుని వారపు పని 45 గంటలు కాగా, పాఠానికి సిద్ధపడే సమయం కూడా అందులోనే కలిసి ఉంది. ఈ చివరి మాట చాలామంది దృష్టికి రాదు. సిద్ధపడేందుకు చట్టం ఇచ్చిన గంటలు చరవాణిలో వివరాల నమోదుకు, జాబితాల తయారీకి ఖర్చవుతున్నాయన్నది ఉపాధ్యాయ వర్గాలలో తరచూ వినిపించే మాట.

ముందు గది, తరువాత గోడ

ఏడు వారాలు మూసి ఉన్న గదిని తొలి రోజు పిల్లల చేత ఊడిపించడం సరికాదు. తొలకరి జల్లులకు తేళ్లు, పాములు బీరువాల వెనుక, చాపల చుట్టల్లో చేరతాయి. చూరు కింద కందిరీగలు గూళ్లు పెడతాయి. బడి తెరవడానికి రెండు మూడు రోజుల ముందే పెద్దల సాయంతో సామగ్రినంతా బయటకు తీసి దులిపించాలి. పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్న స్విచ్చుబోర్డులు, వేలాడే తీగలు, నీటి తొట్టె, మరుగుదొడ్ల తలుపుల గడియలు సరిచూడాలి. లోపల గడియ బిగుసుకుపోయి చిన్నపిల్లలు చిక్కుకుపోయే ప్రమాదం ఉన్నందున ఒకటో తరగతి వారు వాడే మరుగుదొడ్డికి పైగడియ లేకుండా చేయడం మేలు.

తరువాత గోడలు. నేలపై కూర్చున్న ఆరేళ్ల పిల్లవాని కంటికి ఎదురుగా ఉండేది గోడ అడుగు భాగం. అక్షరమాల పటాలు మాత్రం సాధారణంగా ఉపాధ్యాయుని తలపైన వేలాడుతుంటాయి. గోడ చుట్టూ నేలనుంచి రెండున్నర, మూడు అడుగుల వరకు నల్లరంగు వేయించి గళ్లుగా విభజిస్తే పిల్లవానికొక పలక ఏర్పడుతుంది. దీనికి అయ్యే ఖర్చు ఒక రంగు డబ్బా, ఒక రోజు కూలి. ఒక్క ఉపాధ్యాయుడు రెండో తరగతికి పాఠం చెబుతున్న వేళ ఒకటో తరగతి పిల్లలు ఆ గళ్లలో రాస్తూ ఉంటారు. గదిలో తిరుగుతూ వారి రాతను ఒక్క చూపులో గమనించవచ్చు.

రెండు తరగతులను రెండు వరుసలుగా కాక ఒకరికొకరు వీపు ఇచ్చి కూర్చునేలా, ఎదురెదురు గోడలకు రెండు నల్లబల్లలతో అమర్చుకుంటే ఒకరి పాఠం మరొకరికి అడ్డు రాదు. వెలుతురు ఎడమవైపు నుంచి పడేలా చూసుకోవాలి. కుడి చేతి వాటం పిల్లలకు రాసేచోట చేతి నీడ పడకుండా ఉంటుంది.

రిషివ్యాలీ చూపిన దారి

ఒకే గదిలో పలు తరగతులు ఉన్నప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు దేశానికి సమాధానం అందించిన చోటు మదనపల్లె సమీపంలోనే ఉంది. రిషివ్యాలీ విద్యాసంస్థ తన చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన ఏకోపాధ్యాయ ఉపగ్రహ పాఠశాలల అనుభవంతో పాఠాలను చిన్నచిన్న కార్డులుగా విడగొట్టింది. గోడపై ఒక నిచ్చెన పటం ఉంటుంది. అందులో ప్రతి మెట్టుకు ఒక బొమ్మ గుర్తు, ఆ గుర్తు ఉన్న పెట్టెలో ఒక కార్డు. పిల్లవాడు తాను ఏ మెట్టుపై ఉన్నాడో తానే చూసుకొని కార్డు తీసుకుంటాడు. ఉపాధ్యాయుడు దగ్గరుండి చెప్పవలసిన వారు ఒక జట్టు, తోటివారి సాయంతో చేసుకునేవారు మరొక జట్టు, సొంతంగా చేసుకోగలవారు ఇంకొక జట్టు. జ్వరంతో పది రోజులు బడి మానిన పిల్లవాడు తిరిగి వచ్చాక తాను ఆగిన మెట్టు నుంచే మొదలుపెడతాడు. తరగతి మొత్తం అతనిని వదిలి ముందుకు వెళ్లిపోవడమన్నది ఉండదు.

కర్ణాటకలోని మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు ఈ పద్ధతిని చూసి వెళ్లి 1995లో ‘నలి కలి’ని ఆరంభించారు. చెన్నై నగరపాలక పాఠశాలల్లో 2003లో ప్రవేశపెట్టిన కృత్యాధార బోధనకు కూడా మూలం ఇదే. కార్డులన్నీ ఒక్క వేసవిలో తయారుచేసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. తొలి నెలకు సరిపడా తెలుగుకు ఇరవై, గణితానికి ఇరవై అట్టముక్కలతో మొదలుపెట్టి, నిచ్చెనను ఏడాది పొడవునా పెంచుకుంటూ పోవచ్చు.

చింతపిక్కలు, పుల్లల కట్టలు

జిల్లా ప్రాథమిక విద్యా పథకం కాలంలోనూ, ఆ తరువాత సర్వశిక్షా అభియాన్‌లోనూ బోధనోపకరణాల తయారీకి ఉపాధ్యాయునికి ఏడాదికి రూ.500 ఇచ్చేవారు. మండల కేంద్రాలలో మేళాలు జరిగేవి. థర్మాకోల్‌తో చేసిన అందమైన నమూనాలు బహుమతులు అందుకున్నాక పాడవుతాయన్న భయంతో బీరువాలకే పరిమితమైన సందర్భాలు కోకొల్లలు. పిల్లవాని చేయి తగలని ఉపకరణం ఉన్నా లేనట్టే.

పల్లెలో ఊరికే దొరికేవి చాలా ఉన్నాయి. చింతపిక్కలు, గచ్చకాయలు, చీపురు పుల్లలు, ఇసుక పోసిన పళ్లెం, పాత క్యాలెండర్ల వెనుక తెల్లని పుట, పెళ్లిపత్రికల అట్టలు. పదేసి పుల్లలను రబ్బరుబ్యాండుతో కట్టలు కట్టి ఉంచితే స్థానవిలువ బోధనకు అదే సాధనం. ఇరవై మూడు అనగానే పిల్లవాడు రెండు కట్టలు, మూడు విడి పుల్లలు తీస్తాడు. తెలుగు సంఖ్యల్లో పదుల మాట ముందు, ఒకట్ల మాట తరువాత వస్తుంది గనుక నోటి మాట, చేతి పని, రాసే అంకె ఒకే వరుసలో సాగుతాయి. ఆంగ్లంలో థర్టీన్ అన్నప్పుడు మూడు ముందుగా వినిపించడంతో కొందరు పిల్లలు 13కు బదులు 31 రాస్తారు. ఆంగ్ల మాధ్యమంలో గణితం చెప్పే ఉపాధ్యాయులు తొలి నెలలో సంఖ్యలను తెలుగులో కూడా పలికించడం ఇందుకే అవసరం. 2020-21 నుంచి పాఠ్యపుస్తకాలు ఒకవైపు తెలుగు, మరోవైపు ఆంగ్లం ఉండేలా వస్తున్నందున ఇది పాఠ్యప్రణాళికకు విరుద్ధం కాదు.

ఒక జాగ్రత్త. ఐదారేళ్ల పిల్లలు చింతపిక్కలను ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. ఉపాధ్యాయుడు దగ్గర లేని జట్టుకు గింజలకు బదులు సీసా మూతలు ఇవ్వాలి. గింజలను లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోవాలి.

అక్షరాల విషయానికి వస్తే అ, ఆల నుంచి వరుసగా అన్నీ దిద్దించి ఆ తరువాతే పదాలకు వెళ్లే పద్ధతిలో పిల్లవానికి చదివే ఆనందం అందడానికి నెలలు పడుతుంది. కొద్ది అక్షరాలు నేర్పి వెంటనే వాటితో ఏర్పడే పదాలు చదివించడం మేలు. వల, పలక, పడవ వంటి మాటలకు బొమ్మలతో కార్డులు ముందే రాసి ఉంచుకోవాలి. ప-వ, మ-య, స-న, ద-డ జంటలను ఒకే వారంలో నేర్పితే తికమక ఖాయం. వాటి మధ్య ఎడం ఉండేలా చూసుకోవాలి.

నిధులు, పుస్తకాలు

సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం 30 మంది వరకు పిల్లలున్న పాఠశాలకు ఏడాదికి రూ.10,000, 100 మంది వరకు రూ.25,000 చొప్పున సంయుక్త పాఠశాల గ్రాంటు ఉంటుంది. అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకు వెచ్చించాలి. ప్రాథమిక పాఠశాల గ్రంథాలయానికి రూ.5,000 వరకు వేరుగా ఉంది. 2021 జూలై 5న ఆరంభమైన నిపుణ్ భారత్ కింద బోధనోపకరణాలకు పిల్లవానికి ఏడాదికి రూ.500 వరకు కేటాయించే వీలుంది. అయితే బడి తెరిచే నాటికి ఈ సొమ్ము చేతికందుతుందన్న నమ్మకంతో పనులు పెట్టుకోవడం మంచిది కాదు. రంగు, అట్టలు, సుద్దముక్కల ఖర్చును పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానంలో రాయించి, రసీదులు భద్రపరచుకుంటే గ్రాంటు వచ్చాక సర్దుబాటు సులువవుతుంది.

పైసా ఖర్చు లేకుండా దొరికే వాటిలో మొదటిది 2015లో ప్రథమ్ బుక్స్ ఆరంభించిన స్టోరీవీవర్. ఇందులోని తెలుగు బొమ్మల కథలను స్థాయిని బట్టి ఎంచుకొని ఉచితంగా దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. 2017లో వచ్చిన దీక్ష వేదికలో పాఠ్యపుస్తకాల క్యూఆర్ సంకేతాలకు అనుసంధానమైన పాఠాలు ఉన్నాయి. పునాది దశ పిల్లల కోసం 2023 ఫిబ్రవరిలో విడుదలైన ‘జాదూయీ పిటారా’లో ఆటవస్తువులు, పజిల్స్, కథల కార్డులు ఉన్నాయి. ఈ పెట్టె బడికి చేరకున్నా అందులోని ఊహను తీసుకొని ఊరి వడ్రంగి చేత కొన్ని చెక్క దిమ్మెలు చేయించుకోవచ్చు. సెలవుల్లో చదవదగినది గిజుభాయి రాసిన గుజరాతీ రచన ‘దివాస్వప్న’. కథ చెప్పడంతో తరగతిని తన వైపు తిప్పుకున్న ఉపాధ్యాయుని ప్రయోగం అందులోని విషయం.

తొలి పక్షం రోజులు

బడి తెరవడానికి ముందే అంగన్‌వాడీ కార్యకర్తను కలిసి ఒకటో తరగతికి రానున్న పిల్లల జాబితా తీసుకోవాలి. ఎవరికి చూపు తక్కువ, ఎవరికి మాట స్పష్టంగా రాదు, ఎవరి ఇంట్లో ఉర్దూ, కన్నడం, తమిళం, లంబాడీ మాట్లాడతారన్న వివరం ఆమె వద్దే దొరుకుతుంది. చాప, నీళ్లు, ఆకలి, కడుపునొప్పి వంటి పది మాటలు ఆ భాషల్లో ఉపాధ్యాయుడు నేర్చుకుంటే తొలి వారం ఏడుపులు సగం తగ్గుతాయి. వినికిడి, చూపు లోపం అనుమానం ఉన్నవారిని మండలంలోని భవిత కేంద్రానికి, ఆరోగ్య పరీక్షల బృందానికి చూపించేందుకు ఏర్పాటు చేసుకోవాలి. జనన ధ్రువపత్రం లేదన్న కారణంతో చేర్చుకోకుండా పంపరాదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది.

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2021లో రూపొందించిన ‘విద్యా ప్రవేశ్’ ప్రకారం ఒకటో తరగతిలో తొలి మూడు నెలలు ఆటపాటలతో కూడిన సంసిద్ధత కాలం. పుస్తకం మొదటి పుటతో జూన్ 13నే పాఠం మొదలుపెట్టవలసిన పని లేదు. తల్లిదండ్రులకు ఈ సంగతి ముందే చెప్పకపోతే బడిలో ఆటలేగాని చదువు లేదంటూ పిల్లవాని పేరు ప్రైవేటు బడికి మారిపోతుంది. చిన్న బడికి ముగ్గురు పిల్లలు తగ్గినా ఉపాధ్యాయ పోస్టుకే ముప్పు. అందువల్ల తొలి వారంలోనే తల్లులను పిలిచి, గదిని చూపించి, నిచ్చెన పటంలో వారి బిడ్డ ఏ మెట్టుపై ఉన్నాడో చెప్పడం ఉపయోగకరం.

రెండో తరగతి వారికి మాత్రం తొలి పది రోజుల్లో ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు విడిగా కూర్చోవాలి. అక్షరాలు, చిన్న పదాలు, నాలుగైదు పదాల వాక్యం, చిన్న కథ వరుసగా చదివించి ఎక్కడ ఆగారో నోటు పుస్తకంలో రాసుకోవాలి. 99 వరకు అంకెలు చదవడం, రాయడం కూడా చూడాలి. నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం ఇవి ఒకటో తరగతి ముగిసేసరికి రావలసినవి. రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు చదవాలన్న లక్ష్యాన్ని తెలుగుకు యథాతథంగా అన్వయించడంలో ఇబ్బంది ఉంది. హిందీలో మూడు మాటలుగా రాసేది తెలుగులో ‘చదువుతున్నారు’ అని ఒక్క మాటగా ఉంటుంది. 2022లో జరిగిన జాతీయ పునాది అభ్యసన అధ్యయనం భాషకొక ప్రమాణం నిర్ణయించడానికి కారణం ఇలాంటి తేడాలే. గడియారం పట్టుకొని పదాలు లెక్కించడం కంటే, చదివిన కథలో ఏం జరిగిందో పిల్లవానిని అడిగి అతని జవాబును ఆ నోటు పుస్తకంలోనే తేదీతో రాసి ఉంచడం మేలు. దసరా సెలవుల ముందు అవే ప్రశ్నలు తిరిగి అడిగినప్పుడు పోల్చుకోవడానికి అది పనికొస్తుంది.