బకెట్ నిండా బియ్యం

2014 ఆగస్టు. ఫేస్‌బుక్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు నెత్తిన ఐసు నీళ్లు గుమ్మరించుకుని కెవ్వుమంటున్నారు. జుకర్‌బర్గ్ సవాలు విసిరితే, తాడు లాగగానే బకెట్ బోర్లాపడే ఏర్పాటు చేయించుకుని మరీ తడిశాడు బిల్ గేట్స్. నవ్వులాటే గానీ దాని వెనకున్న సంగతి చిన్నది కాదు. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు. కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోతాయి. నయం చేసే మందు ఇప్పటికీ లేదు. ఆ తడుపుడు పుణ్యమా అని అమెరికాలోని ఏఎల్ఎస్ అసోసియేషన్‌కు 11.5 కోట్ల డాలర్లు చేరాయి.

మన దగ్గరికొచ్చేసరికి సరదా మిగిలింది, సంగతి జారిపోయింది. ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే దేశంలో బకెట్లకొద్దీ మంచినీళ్లు నేలపాలు!

హైదరాబాద్‌లో ఓ జర్నలిస్టు ఇదంతా చూస్తున్నారు. పేరు మంజులత కళానిధి. ప్రపంచ బియ్యం మార్కెట్ వార్తలిచ్చే ఒరైజా అనే సంస్థకు రాయడం అప్పట్లో ఆమె ఉద్యోగం. ఏ దేశం ఎన్ని టన్నులు ఎగుమతి చేసింది, ధర ఎంత పలికింది... రోజూ ఈ లెక్కలతో గడిపే మనిషికి బకెట్ చూడగానే బియ్యం గుర్తురావడంలో వింతేముంది?

బకెట్ నిండా బియ్యం పోశారు. దూరం వెళ్లలేదు. ఇంటికి దగ్గర్లో ఇడ్లీ, దోశ అమ్ముకునే మనిషికి ఇచ్చారు. ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టి, దానికి 'రైస్ బకెట్ ఛాలెంజ్' అని పేరు పెట్టారు. బియ్యమైనా సరే, వండిన అన్నమైనా సరే, మీ చుట్టుపక్కల అవసరంలో ఉన్నవాళ్లకు ఇవ్వండి, ఫొటో పెట్టండి, స్నేహితులను రెచ్చగొట్టండి. బియ్యం వీలుకాకపోతే 100 రూపాయల మందులు కొని దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ఇవ్వండి. షరతులు అంతే.

చూస్తుండగానే లైకులు వేలు దాటాయి. కాలేజీ పిల్లలు కదిలారు. సీఎన్ఎన్ దాకా పాకింది కబురు.

నన్ను ఆకట్టుకున్నది ఆ లైకులు కాదు. ఈ పనికి బ్యాంకు ఖాతా అక్కర్లేదు, రసీదు పుస్తకం అక్కర్లేదు, అధ్యక్ష కార్యదర్శులు అసలే అక్కర్లేదు. ఇచ్చే చేతి నుంచి నేరుగా పుచ్చుకునే చేతికి. సొమ్ము ఒకచోట పోగుపడితే కదా తగాదాలు! ఫేస్‌బుక్ చేసిందల్లా కబురు మోయడమే. ఆ నెలలోనే కేరళలో నటుడు మమ్ముట్టి చెట్లు నాటమని ఇలాగే సవాలు విసిరారు. బాంబుల కింద నీళ్లకే కటకటలాడుతున్న గాజాలో ఒక పాత్రికేయుడు శిథిలాల మట్టిని నెత్తిన పోసుకుని లోకానికి తన గోడు చూపించాడు.

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదనే పెద్దలున్న చోట, ఫొటోకు దానమేమిటని సణుగుడు తప్పదు. అందులో న్యాయమూ ఉంది. కానీ మొదటి ఫొటో పెట్టకపోతే రెండో బకెట్ కదిలేదే కాదు. కాబట్టి రేపు మీరూ ఇలాంటిదేదైనా తలపెడితే బకెట్‌ను ఫొటో తీయండి. పుచ్చుకున్న మనిషి ముఖాన్ని మాత్రం వదిలేయండి.