దూడ తలకాయ

ఇంకొంచెం మంట దగ్గరికి జరగండి, మదనపల్లె చలి ఎముకల్లోకి దిగతాది. మా చిన్నప్పుడు జాతర వేషం అంగట్లో దొరికేది కాదు నాయనా, ఇంట్లోనే తయారు కావాల.

మా పుట్టిల్లు పుంగనూరు పక్కన. మా తమ్మునికి అమ్మవారు పోసి కళ్ళు తెరవకుండా పడుంటే, బిడ్డ లేచి తిరిగితే జాతరలో వేషం కట్టిస్తానని మాయమ్మ గంగమ్మకు మొక్కుకొనింది. మా పెద్దమ్మను కుప్పం ఇచ్చినారు కాబట్టి, మే నెలలో జరిగే అక్కడి గంగమ్మ జాతరకే పోదామనుకున్నారు.

ఏం వేషం అంటే వానికి పులి వద్దు, ఆంజనేయుడు వద్దు. ‘నేను మన దూడనైతా’ అని ఒకటే పట్టు. పుంగనూరు ఆవు మీకు తెలుసు గదా. ఎత్తు మూడడుగుల లోపే, నొసలు వెడల్పు, కొమ్ములు చిన్నవి, తోక మాత్రం నేలకు తగులుతాది. ఈ పొద్దు ఆ జాతి అరుదైపోయి పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో కాపాడుకొస్తా ఉండారు. అప్పుడది మా వాకిట్లోనే కట్టేసుండేది. మాయమ్మ దూడ పక్కన కూర్చోని, దాని మొగాన్ని చేత్తో తడిమి తడిమి చూసి, బంకమట్టితో అచ్చు చేసింది.

పాత కాగితాలు రాత్రంతా నానేసి, నానిన మెంతులతో కలిపి రోట్లో వేసి రుబ్బినాం. చాటలకు పూసే గుజ్జే అది. మెంతి జిగురు కాగితాన్ని గట్టిగా పట్టుకుంటాది, పురుగూ రాదు. మట్టి అచ్చుకు తడిగుడ్డ కప్పి, దానిమీద గుజ్జు పలచగా మెత్తి ఎండబెట్టాల. ఆరినాక ఇంకో పూత. ఒకేసారి మందంగా మెత్తితే పగుళ్ళొస్తాయి. గట్టిపడినాక లోపలి మట్టి తవ్వేస్తే దూడ తలకాయ చేతికొచ్చె! పైన సున్నం కొట్టి, ఆముదం దీపం మసితో కళ్ళు దిద్దింది.

అందానికంటే ముందు మాయమ్మ బిడ్డ ఊపిరి చూసింది. ముక్కు రంధ్రాలు పెద్దవిగా తొలిచి, వాడు చూసేదానికి నోటి దగ్గర సందు పెట్టింది. బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు లోపల కుట్టింది, తలకాయ అటూ ఇటూ జారకుండా. నాకు ఇప్పటికీ ఆ కుదురే గొప్పగా తోస్తాది.

ఒంటికి మా నాయన పాత పంచ. తోకకు మదనపల్లెలో మగ్గాల వాళ్ళ దగ్గర పట్టు పోగుల తుంపులు అడిగి తెచ్చినాం, కొసన కురబోళ్ళ నల్ల ఉన్ని.

కుడతా కుడతా మాయమ్మ తిరుపతి గంగమ్మ కథ చెప్పేది. ఆడబిడ్డల్ని చెరిచే పాలెగాడు దాక్కుంటే, వాన్ని వెతుక్కుంటా అమ్మవారు బైరాగి వేషం కట్టె, బండ వేషం కట్టె, తోటి వేషం కట్టె. దొర వేషం కట్టినప్పుడు వాడు బయటికొస్తే తల తెగనరికింది. అందుకే తిరుపతిలో జాతరప్పుడు జనం వేషాలు కడతారు, మగోళ్ళు చీరలు కట్టి మొక్కు తీర్చుకుంటారు. వేషం కడితే అమ్మ వెంట నడిచినట్టే అనేది మాయమ్మ.

కుప్పంలో ఎండ మండిపోతా ఉన్నింది. గుడి ముందర తెలుగోళ్ళు, అరవోళ్ళు, కన్నడమోళ్ళు కిక్కిరిసి ఉండారు. మా తమ్ముడు మెడలో మువ్వలు ఆడించుకుంటా నడస్తా ఉంటే, ఎవరో ముసలమ్మ నిజంగా దూడకు మొక్కినట్టే వానికి మొక్కింది. మాయమ్మ పక్కనే నడస్తా, నాలుగడుగులకొకసారి తలకాయ ఎత్తి వాని మొగం తుడిచి, మజ్జిగ తాగించేది. మొక్కు తీరినాక అమ్మవారి ముందర మాయమ్మ ఏడ్చిన ఏడుపు నేనెప్పటికీ మరవను. బతికిన బిడ్డను చూసుకోని ఏడ్చింది.

ఆ తలకాయ మా పిన్ని కొడుకూ కట్టినాడు. వాని తల చిన్నది, కుదురుకు ఇంకో గుడ్డ చుట్టినారు. నీ ఇస్కూలు పండక్కి కావాలంటివే, రేపు మీ అమ్మ దగ్గర పాత పేపర్లు తీసుకురా. మెంతులు నేను నానేస్తా.