వెనక డీరెయిలర్ ఎంపిక

గేర్ల సైకిలులో వెనక ఇరుసు పక్కన వేలాడుతూ, చైనును ఒక పళ్లచక్రం మీంచి మరోదాని మీదికి మళ్లించే పరికరం వెనక డీరెయిలర్. చైను వదులు కాకుండా లాగిపట్టేదీ ఇదే. కొనేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని గేర్లకు పనికొస్తుందని. అంతకంటే ముందు తేల్చుకోవలసినవి రెండు అంకెలు.

మొదటిది, వెనకవైపు అతి పెద్ద చక్రానికి ఎన్ని పళ్లుండవచ్చన్నది. అది మించితే డీరెయిలర్ పై కప్పీ ఆ పళ్లకు రాసుకుంటుంది. రెండోది మొత్తం సామర్థ్యం, అంటే డీరెయిలర్ ఎంత వదులు చైనును లాగిపట్టగలదన్నది. సైకిలుకు ఎంత కావాలో తెలియాలంటే ముందున్న పెద్ద, చిన్న చక్రాల పళ్ల తేడాకు వెనక చక్రాల తేడా కలపాలి. ముందు 50-34, వెనక 11-34 ఉంటే 16, 23 కలిసి 39.

షిమానో కంపెనీ డీరెయిలర్ 105 ఆర్7000 రెండు రకాల కేజ్‌లతో, అంటే కప్పీలను పట్టి ఉంచే చట్రాలతో వచ్చింది. పొట్టిదానికి పరిమితులు 30 పళ్లు, 35 సామర్థ్యం. పొడుగుదానికి 34, 39. పై సైకిలుకు పొడుగుదే సరి. అలాగని సామర్థ్యం ఒక్కటే చూస్తే చాలదు. ముందు ఒకే చక్రం, వెనక 11-50 ఉన్న కొండదారి సైకిలుకూ 39 చాలు. కానీ 50 పళ్ల చక్రం ఈ డీరెయిలర్ పరిధిలో లేదు.

సామర్థ్యం తక్కువైతే, చిన్నచక్రాలు రెండూ కలిసినప్పుడు చైను జారుగా వేలాడుతుంది. చికాకే తప్ప ప్రమాదం తక్కువ. ఆ జారు పోవాలని చైను కత్తిరిస్తేనే అసలు ముప్పు: పెద్దచక్రాలు రెండూ కలిసిన క్షణంలో డీరెయిలరో, దాన్ని పట్టి ఉంచే హ్యాంగరో విరుగుతుంది. ఆ జోడీ వాడనని అనుకోవడం తేలికే గానీ, ఎత్తు ఎక్కుతున్న కాలికి అది గుర్తుండదు.

ఇక మిగిలింది గేర్లు మార్చే లివరుతో పొత్తు. 1984లో డ్యూరా-ఏస్ శ్రేణితో షిమానో మెట్లుమెట్లుగా మారే గేర్లు తెచ్చింది. అప్పటినుంచి లివరు లాగే కేబుల్ పొడవు డీరెయిలర్ కదలికకు సరిపోవాలి. అదే కంపెనీ 10 స్పీడ్ రోడ్డు లివరు, 10 స్పీడ్ కొండదారి డీరెయిలర్ కలిసి పనిచేయవు. వింతేమిటంటే, టియాగ్రా 4700 రకాన్ని మినహాయిస్తే, ఆ రోడ్డు లివర్లకు పాత 9 స్పీడ్ కొండదారి డీరెయిలర్ చక్కగా కుదురుతుంది.

బిగించాక సైకిలును స్టాండు మీద నిలిపి, పెడల్ చేత్తో నెమ్మదిగా తిప్పుతూ చైనును రెండు పెద్దచక్రాల మీదికి ఎక్కించాలి. కేజ్ ఇంకాస్త ముందుకు సాగే వీలుండాలి. బిగుసుకుపోతే ఆ చైనుతో రోడ్డెక్కకూడదు.