వాయిదాకు కారణం రాయాలి

నేను పనిచేసిన ఆఫీసు బోర్డు మీద ఒకే మనిషికి రెండు హోదాలు రాసి ఉండేవి. పైన సహాయ కార్మిక కమిషనర్, కింద కార్మికుల నష్టపరిహార కమిషనర్. పొద్దున దుకాణాల తనిఖీకీ, కనీస వేతనాల గొడవలకీ తిరిగొచ్చిన ఆఫీసరు గారే మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని సాక్షుల చేత ప్రమాణం చేయించి, లారీ కింద పడి చనిపోయిన క్లీనరు కుటుంబానికి ఎంత రావాలో తేల్చేవారు. ఆ తగవు సివిల్ కోర్టుకి వెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. నేను బెంచి క్లర్కుని. కేసులు పిలవడం, డాకెట్ షీటు రాయడం, నెలాఖరున అబ్‌స్ట్రాక్టు కట్టి పైకి పంపడం నా పని. నెల మొదట్లో ఎన్ని ఉన్నాయి, కొత్తగా ఎన్ని వచ్చాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి, ఎన్ని మిగిలాయి, అందులో ఏడాది దాటినవెన్ని, మూడేళ్లు దాటినవెన్ని. ఆఫీసరు పనిమంతుడా కాడా అన్నది పైవాళ్లు ఈ గళ్లు చూసే తేల్చుకునేవారు.

ఈ కార్మికుల నష్టపరిహార చట్టం 1923 నాటిది, అమల్లోకి వచ్చింది 1924 జూలై 1న. అంతకుముందు పనిలో చనిపోయినవాడి ఇంటివాళ్లకి 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టమే దిక్కు. సివిల్ కోర్టుకెక్కి యజమాని తప్పు రుజువు చెయ్యాలి. తప్పెవరిదన్న పేచీ లేకుండా పరిహారం ఇప్పించే చట్టం బ్రిటన్‌లో 1897లోనే వచ్చింది. మనదాకా రావడానికి మరో పాతికేళ్లు పట్టింది. తొలి రేట్లు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. మనిషి పోతే 30 నెలల జీతమో 2,500 రూపాయలో, ఏది తక్కువైతే అది. మైనరు పోతే 200 రూపాయలు. గాయమైతే మొదటి పది రోజులకి పైసా లేదు. ఆ పది 1933లో ఏడైంది, ఆ తర్వాత మూడైంది.

అయితే 1924లో నిబంధనలు రాసినవాళ్లకి మాత్రం ఆఫీసుల తీరు బాగా తెలుసు. ప్రతి దరఖాస్తుకీ కమిషనర్ స్వయంగా క్లుప్తంగా విచారణ డైరీ రాయాలన్నారు. ఒక్క విచారణలో కేసు తేల్చడం కుదరకపోతే, వాయిదా ఎందుకు వెయ్యాల్సి వచ్చిందో కారణం నమోదు చెయ్యాలన్నారు. అంటే వాళ్ల లెక్కలో ఒక్క రోజులో తేలిపోవడం మామూలు సంగతి, వాయిదా పడితే సంజాయిషీ. నా సర్వీసులో రకరకాల కొలతలు చూశాను గాని, అధికారిని నిజంగా ఇరుకున పెట్టే కొలత ఇదొక్కటే అని నా నమ్మకం. నెలకి ఎన్ని తేల్చావంటే తేలికవి నాలుగు తేల్చి చూపించవచ్చు. ఈ కేసు ఇవాళ ఎందుకు తేలలేదంటే జవాబు చెప్పి తీరాలి.

మరి ఆచరణలో? మా బీరువాలోని ఒక ఫైలు డాకెట్ షీటు చెబుతాను. నోటీసు అందలేదు. ఎదురుపక్షం వకాల్తా వేశారు, కౌంటరుకి గడువు. కౌంటరుకి. మళ్లీ కౌంటరుకి. అధికారి తనిఖీలో ఉన్నారు. అధికారి ఎన్నికల విధుల్లో ఉన్నారు. ఎ.డబ్ల్యూ.1 (దరఖాస్తుదారు తరఫు మొదటి సాక్షి) హాజరు, బీమా కంపెనీ వకీలు గైర్హాజరు, క్రాస్‌కి వాయిదా. డాక్టరు సాక్ష్యానికి రాలేదు. ఇక్కడిదాకా నయమే, కారణాలైనా ఉన్నాయి. కొన్నాళ్లకి ఆ మాత్రం రాసే ఓపిక కూడా పోయి ‘కౌంటరుకి’ అని రబ్బరు స్టాంపు చేయించారు. తేదీ ఒక్కటి చేత్తో వేస్తే చాలు.

ఇది కేసు వచ్చాక జరిగే ఆలస్యం. అసలు కేసే రాకపోవడం దీనికంటే పాత జబ్బు. కార్మికుల స్థితిగతుల మీద 1931లో నివేదిక ఇచ్చిన విట్లీ కమిషన్ తర్వాత, 1933 సవరణలో దీనికో మందు పెట్టారు. పనిలో ఎవరైనా చనిపోతే యజమాని ఏడు రోజుల్లో కమిషనర్‌కి తెలియజేయాలి. ఎక్కణ్ణుంచి తెలిసినా సరే, కమిషనరే యజమానికి నోటీసిచ్చి ముప్పై రోజుల్లో జవాబు రాబట్టవచ్చు. పేపర్లో వార్త చదివి కూడా పని మొదలుపెట్టవచ్చన్నమాట. మా దగ్గర ఒక ఆఫీసరు గారు నిజంగానే జిల్లా ఎడిషన్ కత్తిరించి దాచుకునేవారు. క్వారీలో రాయి జారిందని, రైసుమిల్లు బెల్టులో చెయ్యి పడిందని వార్త కనిపిస్తే ఆ పూటే నోటీసు టైపు చేయించేవారు. ఫలితం? ‘వచ్చినవి’ గడి పెరిగింది, దాంతో ‘మిగిలినవి’ గడీ పెరిగింది, పెండింగు ఎందుకు పెరిగిందో సంజాయిషీ ఇమ్మని పైనుంచి మెమో వచ్చింది. ఆయన తర్వాత వచ్చినాయన పేపరు చదివేవారు గాని కత్తెర ముట్టుకోలేదు.

‘పరిష్కారమైనవి’ గడి సంగతి ఇంకా విచిత్రం. దరఖాస్తుదారు పిలిచినప్పుడు పలక్కపోతే కేసు డిఫాల్టుగా కొట్టేస్తారు. అదీ పరిష్కారమే. బస్సు తప్పి ఆ మనిషి సాయంత్రానికొస్తే, పునరుద్ధరించమని మరో అర్జీ పెట్టుకోవాలి. కేసు మళ్లీ బతికితే ‘కొత్తగా వచ్చింది’ అవుతుంది, తేలితే ఇంకోసారి ‘పరిష్కారం’ అవుతుంది. మార్చి నెలలో మా ఆఫీసులో డిఫాల్టులు ఎక్కువగా ఉండేవి. ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

ఏ ఆఫీసరు తొందరగా తేలుస్తాడో వకీళ్లకి తెలిసినంత మా శాఖకి తెలియదు. 1995 సవరణ తర్వాత ప్రమాదం జరిగిన చోటే కాకుండా దరఖాస్తుదారు నివాసమున్న చోటా కేసు వెయ్యవచ్చు. మోటారు ప్రమాదమైతే ట్రిబ్యునల్‌కి పోవాలా మా దగ్గరకి రావాలా అన్నది కూడా బాధితుల ఇష్టమే, రెండింట్లో ఒకటి. దాంతో లారీ డ్రైవర్ల కేసులు కొన్ని ఆఫీసుల్లో గుట్టలు పడేవి, పక్క జిల్లాలో బల్ల ఖాళీ. చురుకైనవాడి దగ్గరకే జనం పోయి, వాడి పెండింగే పెరుగుతుంది. అబ్‌స్ట్రాక్టులో చూస్తే వాడే సోమరి.

ఇక ఆలస్యాన్ని లెక్కపెట్టే గడియారం ఎక్కడ మొదలవ్వాలన్న ప్రశ్న. 1968 జూలైలో జయపురంలో, అంటే మన సరిహద్దుకి అవతల కొరాపుట్ జిల్లాలో, సినిమా హాల్లో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి కింద పడ్డాడు. ఎడమ చెయ్యి తీసెయ్యాల్సి వచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి ఇది పూర్తి అశక్తతే అని కమిషనర్ 1969లో, ఏడాది తిరక్కుండా, 9,800 రూపాయలూ, వడ్డీ, జరిమానా ఇమ్మన్నాడు. ఏ అబ్‌స్ట్రాక్టులో చూసినా మెచ్చుకోవలసిన వేగం. యజమాని హైకోర్టుకి, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకి వెళ్లాడు. తీర్పు 1975 డిసెంబరులో వచ్చింది. పరిహారం బాకీ పడేది ప్రమాదం జరిగిన రోజునే గాని కమిషనర్ తేల్చిన రోజున కాదని ఆ తీర్పు చెప్పింది. మధ్యలో భిన్నమైన తీర్పులొచ్చి తికమక పడినా, 2012లో సుప్రీంకోర్టు మళ్లీ పాత మాటనే ఖాయం చేసింది. మా అబ్‌స్ట్రాక్టు గడియారం మాత్రం దరఖాస్తుకి నంబరు పడ్డ రోజునే మొదలవుతుంది, ఆర్డరు మీద సంతకంతో ఆగిపోతుంది.

2009 సవరణ, చట్టం పేరు మార్చి ‘ఉద్యోగుల’ పరిహారం అంది, కమిషనర్‌కి అర్హతలు పెట్టింది, 25ఎ అని కొత్త సెక్షన్ చేర్చింది. దాని ప్రకారం కేసు మూడు నెలల్లో తేల్చాలి. 2010 జనవరి 18న అది అమల్లోకి వచ్చింది. మూడు నెలలు దాటితే ఏమవుతుందో ఆ సెక్షన్‌లో లేదు. కాలిఫోర్నియాలో ఉంది. అక్కడ కార్మికుల పరిహార జడ్జి, వాదనలు ముగిసి తీర్పుకి నిలిచిన కేసుని 90 రోజులు దాటి అట్టే పెట్టుకుంటే జీతం తీసుకోవడానికి వీల్లేదు. 1879 రాష్ట్ర రాజ్యాంగం మామూలు జడ్జీలకి పెట్టిన షరతునే వీళ్లకీ తగిలించారు. ఫ్లోరిడాలో మరో దారి: పిటిషన్ వేసిన 130 రోజుల్లో మధ్యవర్తిత్వం, 210 రోజుల్లో తుది విచారణ, అది ముగిశాక 30 రోజుల్లో ఉత్తర్వు, ఏ జడ్జి సగటున ఎన్ని రోజులు తీసుకున్నాడో ఏటా పేరుతో సహా అచ్చు వేస్తారు. ఈ కాలిఫోర్నియా సంగతి మా ఆఫీసరు గారికొకరికి చెబితే, ‘అయితే నేను బతికేది కౌంటర్లు వేయని వకీళ్ల దయ మీదన్నమాట’ అన్నారు. నవ్వుతూ అన్నా అందులో న్యాయం ఉంది. అక్కడి గడియారం వాదనలు ముగిశాకే మొదలవుతుంది. మా డాకెట్ షీటులో కాలమంతా తినేది అంతకుముందు భాగమే.

సంతకమయ్యాక కథ ముగుస్తుందా? మరణ కేసుల్లో డబ్బు కమిషనర్ దగ్గరే జమ చెయ్యాలి, ఆయనే పంచాలి. మైనర్ల వాటా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తాం. మూడేళ్ల పిల్ల ఉంటే ఆ ఫైలు మరో పదిహేనేళ్లు మా బీరువాలోనే ఉంటుంది. గడువు తీరినప్పుడల్లా రెన్యువల్. స్కూలు ఫీజుకి కొంత ఇప్పించమని తల్లి అర్జీ. ఇల్లు కారుతోందని ఇంకో అర్జీ. మామగారు వచ్చి, కోడలు మళ్లీ పెళ్లి చేసుకుంటోంది కాబట్టి ఆ వాటా తనకివ్వమని అర్జీ. ఇవన్నీ విని ఆఫీసరు ఆర్డర్లు రాయాలి, నేను చెక్కులు సిద్ధం చెయ్యాలి. అబ్‌స్ట్రాక్టు దృష్టిలో ఆ ఫైలు ఎప్పుడో పరిష్కారమైపోయింది గనక ఈ పనికి లెక్కే లేదు.

ఇంకొక లెక్కా లేదు. 2020 జనవరిలో జీతం పరిమితి నెలకి 15,000 చేశారు. ముప్పై ఏళ్లవాడు చనిపోతే అందులో సగాన్ని షెడ్యూలులో ఆ వయసుకిచ్చిన 207.98తో హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు. నెల దాటాక ఏటా 12 శాతం వడ్డీ అంటే రోజుకి 512 రూపాయల పైచిలుకు. వడ్డీ బీమా కంపెనీ భరిస్తుంది, ఆ ఫైలు చూసే ఉద్యోగి జేబులోంచి ఏమీ పోదు. జరిమానా మాత్రం యజమానే కట్టుకోవాలని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది, అది 50 శాతం దాకా వెయ్యవచ్చు. అందుకే జరిమానా ఎందుకు వెయ్యకూడదో కారణం చూపమని నోటీసు వెళ్లిందంటే, అంతవరకూ ఫోనెత్తని లారీ ఓనరే బీమా ఆఫీసు మెట్లెక్కి కూర్చునేవాడు, వారం తిరక్కుండా డీడీ వచ్చేది. ఏడాదిలో అలాంటి నోటీసులు ఎన్ని ఇచ్చామని మమ్మల్ని పైనుంచి ఎవరూ అడగలేదు.