హైదరాబాద్‌కి ఒకప్పుడు సముద్రం ఉండేది! రావిర్యాల నుంచి బందరు, మోటుపల్లి దాకా కారులో

ఇప్పుడు నేను రావిర్యాలలో, ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్ దగ్గర ఉన్నాను. పక్కనే వండర్‌లా. అక్కడ వేవ్ పూల్‌లో మోటారు పెట్టి అలలు పుట్టిస్తారు, టికెట్ కొని మనం వాటిలో ఎగురుతాం. నిజమైన అలలు కావాలంటే మాత్రం ఇక్కడి నుంచి మూడొందల కిలోమీటర్లకు పైనే పోవాలి. మూడు రోజులు పెట్టుకుని తాపీగా పోయొచ్చాం. ఆ కథే ఈ ఎపిసోడ్.

రింగ్ రోడ్డు మీద పెద్ద అంబర్‌పేట దాకా వెళ్లి 65వ నంబర్ జాతీయ రహదారి ఎక్కాలి. దీన్ని మనం విజయవాడ రోడ్డు అంటాం గానీ, రోడ్డు విజయవాడలో ఆగదు. మచిలీపట్నం దాకా పోతుంది. ఎక్కేముందు ఒక్కసారి వెనక్కి, హయత్‌నగర్ వైపు చూడండి. గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరది. అక్కడ మసీదు ఉంది, దాని చుట్టూ బాటసారులు దిగే సరాయి ఉంది, పెద్ద బావి ఉంది. సిటీ దాటగానే అంత పెద్ద సరాయి ఎందుకు కట్టారు? బందరుకు పోయే బాట అదే కాబట్టి. ఇప్పుడు మనం చాయ్ తాగడానికి ఆగినట్టు, అప్పుడు ఎడ్లబండ్ల వాళ్లు అక్కడ దిగేవాళ్లు.

బందర్ అంటే పర్షియన్‌లో రేవు. ఊరి పేరే 'రేవు' అయిపోయిందంటే ఆ రేవు ఎంత పెద్దదో ఊహించుకోండి. గోల్కొండ రాజ్యానికి సముద్రం వైపు తలుపు అదే. వజ్రాలు, అద్దకం బట్టలు అక్కడి నుంచే ఓడలెక్కేవి. 1605లో డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. తర్వాత అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషువాళ్లకు సుంకాల్లో రాయితీలిస్తూ ఫర్మానా ఇచ్చాడు. చరిత్రలో దాన్ని బంగారు ఫర్మానా అంటారు. బంగారం ఎవరికి దక్కిందో తర్వాత తెలిసింది లెండి.

బందరులో డచ్చివాళ్ల సమాధులు చూడండి. రాళ్ల మీద అక్షరాలు, బొమ్మలు ఇంకా కనిపిస్తాయి. వేల మైళ్లు దాటి వ్యాపారానికొచ్చి ఇక్కడే పోయినవాళ్లు. కోట దగ్గర మిగిలింది కొద్దిగానే. 1864 నవంబర్ 1 రాత్రి తుఫానులో ఉప్పెన ఊరి మీదికొచ్చింది. సుమారు 30 వేల మంది చనిపోయారు. పెద్ద ఓడలు ఒడ్డు దాకా రాలేని రేవు, అప్పటికే మద్రాసు ముందు వెనకబడింది. ఆ రాత్రితో కోలుకోలేకపోయింది. ఇప్పుడక్కడ మళ్లీ పోర్టు కడుతున్నారు.

మరి హైదరాబాద్ సముద్రం ఎటు పోయింది? 1759లో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి బందరు కోట గెలుచుకున్నారు. అప్పటిదాకా ఫ్రెంచివాళ్లను నమ్ముకున్న నిజాం సలాబత్ జంగ్ బందరును ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు పోయాయి, 1788లో గుంటూరు కూడా పోయింది. అంతే, రాజ్యానికి ఒడ్డు లేదు. ఏడో నిజాం కాలంలో పోర్చుగీసువాళ్లను గోవా రేవు అడిగేదాకా వచ్చిందంటే ఆ లోటు ఎంత గుచ్చుకుందో చూడండి.

రెండో రోజు 216వ నంబర్ రోడ్డు పట్టుకుని దక్షిణానికి. పొలాలు, కాలువలు, కొబ్బరిచెట్లు. స్పీడుగా పోవాలనిపించదు. చల్లపల్లి దగ్గర పక్కకు తిరిగితే ఘంటసాల, పాత బౌద్ధ క్షేత్రం. మోపిదేవి, పులిగడ్డ దాటితే కృష్ణ మీద వంతెన. ఇదంతా దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెనకు వేలమంది కొట్టుకుపోయిన నేల. ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే ఆ తేదీ ఠక్కున చెప్తారు. కాకతీయ గణపతిదేవుడు ఈ సీమను గెలిచి, ఇక్కడి ఆడపిల్లలు నారాంబ, పేరాంబలను పెళ్లాడాడు. వాళ్ల అన్నదమ్ముడు జాయపుణ్ని సేనాని చేశాడు. నృత్తరత్నావళి రాసింది ఆ జాయపుడే. ఓరుగల్లు రాజు ఇంత దూరం వచ్చి చుట్టరికం కలుపుకున్నది ఊరికే కాదు, ఆయనకు రేవు కావాలి.

ఆ రేవే మోటుపల్లి. చీరాల దాటాక మెయిన్ రోడ్డు వదిలి సముద్రం వైపు పోవాలి. చిన్న ఊరు. బోర్డు కనపడక మేం ఒకసారి దాటిపోయి వెనక్కొచ్చాం. వీరభద్రస్వామి గుడి ముందు మండపంలో ఒక స్తంభం, దాని మీద 1244–45 నాటి అభయశాసనం. ఈ ట్రిప్పంతా దీని కోసమే అనుకోండి.

అందులో ఏముందంటే, నా మాటల్లో చెప్తాను. ఇంతకుముందు రాజులు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నీ లాక్కునేవాళ్లు. డబ్బు ప్రాణం కంటే ఎక్కువనుకుని సముద్రమెక్కిన వాళ్ల మీద దయతో, మేం మాత్రం మామూలు సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాం అన్నాడు గణపతిదేవుడు. సుంకం ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పగడాలు అంటూ సరుకుల పట్టీ కూడా ఉంది.

ఒక్కసారి ఆలోచించండి. ఓడ పగిలింది, తోటివాళ్లు పోయారు, నువ్వు ఏదో చెక్క పట్టుకుని తెలియని ఒడ్డుకు చేరావు. మిగిలిన నాలుగు మూటలూ రాజుగారి మనుషులు పట్టుకుపోతారు. అప్పటిదాకా రూలు అది. దాన్ని తీసేశానని రాయి మీద చెక్కించాడు. దయ ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. భయం లేని రేవుకే ఓడలొస్తాయి. తర్వాత 1358లో రెడ్డి రాజు అనవోతారెడ్డి కూడా ఇదే మోటుపల్లిలో వ్యాపారులకు మళ్లీ అభయమిచ్చాడు. మధ్యలో కాకతీయులు పోయారు, ఆ భరోసా కూడా పోయి ఉంటుంది.

మార్కో పోలో ముత్ఫిలి అని రాసింది ఈ రేవునే. ఇక్కడి రాణిని తెగ మెచ్చుకున్నాడు, సాలెగూడులాంటి సన్నని బట్టల గురించి రాశాడు. కానీ రాణిని చనిపోయిన రాజు భార్య అన్నాడు. రుద్రమదేవి గణపతిదేవుడికి కూతురు. గూగుల్ లేని రోజులు కదా, వదిలేద్దాం.

గుడి నుంచి బయటికొచ్చి ఒడ్డుకు పోయాం. ఓడల్లేవు. జాలరి పడవలు ఇసుకలోకి లాగి ఉన్నాయి, ఇద్దరు వలలు బాగుచేసుకుంటున్నారు. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాం. పోయేవాళ్లు పొద్దున్నే పోండి, నీళ్లు పట్టుకెళ్లండి. శాసనం మీద సున్నం, పసుపు రుద్ది ఫొటోలు మాత్రం తీయొద్దు, ప్లీజ్. వచ్చే ఎపిసోడ్‌లో బందరు నుంచి ఉత్తరానికి: నరసాపురం, యానాం, కోరంగి, భీమిలి.