అమ్మ రాసిన ఉత్తరం



అమెరికాలో ఉన్న మా అక్కగారమ్మాయి ఆ దేశపు పౌరసత్వ పరీక్షకు చదువుకుంటూ ఒకరోజు ఫోనులో, "పిన్నీ, వీళ్ళ రాజ్యాంగం ఏ మాటలతో మొదలవుతుందో చెప్పుకో చూద్దాం!" అంది. నేను తెల్లమొహం వేశాను. "ప్రజలమైన మేము" అని తనే చెప్పింది. ఓస్, మనదీ అంతేగా అనుకున్నాను. తరువాత నాలుగు పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, ఆ "మేము" అన్న మాటలో ఆడవాళ్ళకు చోటు దొరకడానికి నూట ముప్ఫై ఏళ్ళకు పైనే పట్టిందని. ఆ కథే ఇవాళ మీకు చెబుతాను.

1787లో ఫిలడెల్ఫియా నగరంలో ఆ రాజ్యాంగం రాసుకున్నారు. పెత్తనమంతా ఒక్కరి చేతిలో ఉంటే ప్రమాదమని దాన్ని మూడు వాటాలు వేశారు. చట్టాలు చేసేది కాంగ్రెసు, అమలు జరిపేది అధ్యక్షుడు, తగవు తీర్చేది న్యాయస్థానం. బీరువా తాళం ఒకరి దగ్గర, పద్దుల పుస్తకం ఇంకొకరి దగ్గర ఉన్నట్టన్నమాట! అయితే ఓటు ఎవరికివ్వాలన్నది మాత్రం రాష్ట్రాలకే వదిలేశారు. అవి చాలావరకు ఆస్తిపరులైన మగవాళ్ళకే ఇచ్చాయి. న్యూజెర్సీలో ఆస్తి ఉన్న ఒంటరి ఆడవాళ్ళు కొన్నాళ్ళు ఓటు వేశారు గానీ, 1807లో ఆ ముచ్చటా తీరిపోయింది.

అంతర్యుద్ధం ముగిశాక, 1868లో పద్నాలుగో సవరణ వచ్చింది. ఆ దేశంలో పుట్టినవారు పౌరులేనంది. "నేనూ ఇక్కడే పుట్టాను గదా!" అనుకుంది సూజన్ ఆంథొనీ. 1872 అధ్యక్ష ఎన్నికల్లో రోచెస్టరు పట్టణంలో వెళ్ళి ఓటు వేసి వచ్చింది. అరెస్టు చేశారు. మరుసటి ఏడు జడ్జి 100 డాలర్లు జరిమానా వేస్తే, ఆవిడ ఒక్క డాలరూ కట్టలేదు. 1875లో మరొక స్త్రీ తెచ్చిన దావాలో సుప్రీంకోర్టు ఏమందో తెలుసా? ఆడవాళ్ళు పౌరులే, కాని పౌరులైనంత మాత్రాన ఓటు రాదంది. ఇంట్లో మనిషివే గాని, ఇంటి సంగతుల్లో నోరెత్తకు అన్నట్టు లేదూ?

ఇక మిగిలింది రాజ్యాంగాన్నే సవరించడం. అదేమంత సులభమా! కాంగ్రెసు ఉభయ సభల్లోనూ మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఆ పైన రాష్ట్రాల్లో నాలుగింట మూడు వంతులు సరేననాలి. 1878లో ప్రవేశపెట్టిన సవరణ 1919లో గాని కాంగ్రెసు గడప దాటలేదు. అప్పటికి ఆంథొనీ కన్నుమూసి పదమూడేళ్ళు.

అప్పుడున్నవి 48 రాష్ట్రాలు, కావలసినవి 36. 1920 వేసవికి 35 రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. ఆ ఒక్కటీ టెనెసీ అవుతుందా అని దేశమంతా నాష్‌విల్ పట్టణం వైపు చూసింది. ఓటు ఇవ్వాలనేవారు పసుపు గులాబీ, కూడదనేవారు ఎర్ర గులాబీ పెట్టుకు తిరిగారు. హారీ బర్న్ అనే సభ్యుడికి ఇరవై నాలుగేళ్ళు. కోటుకి ఎర్ర గులాబీ! జేబులో మాత్రం అమ్మ ఉత్తరం!

ఆ తల్లి పేరు ఫెబ్ బర్న్. పల్లెటూళ్ళో సేద్యం చూసుకునే ఇల్లాలు. ఇంటి కబుర్ల మధ్యనే, నాయనా, ఆడవాళ్ళ ఓటు వైపే నిలబడు అని కొడుక్కి రాసింది. ఆగస్టు 18న సవరణను పక్కన పెట్టాలన్న తీర్మానం మీద 48–48 అని సరిసమానంగా తేలింది. ఆ తర్వాత అసలు సవరణ మీద పేర్లు పిలిచారు. హారీ "అవును" అన్నాడు! 49–47తో అది నెగ్గింది. మర్నాడు సభలో, తల్లి మాట వినడమే కొడుక్కి క్షేమమని సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఆగస్టు 26న సవరణ రాజ్యాంగంలో చేరింది.

అంతటితో అందరికీ న్యాయం జరిగిందనుకోకండి. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి స్త్రీలను పన్నులనీ, చదువు పరీక్షలనీ 1965 చట్టం వచ్చేదాకా ఆపుతూనే వచ్చారు. మనవాళ్ళ మాటా అంతే. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తలుపు తెరుచుకున్నది 1946లో. అప్పుడు తెరవబట్టే గదా మా అమ్మాయి ఆ పరీక్షకు కూర్చోగలిగింది!

నా సంగతి దాచుకోకుండా చెబుతాను. మావారు ఎవరికి వేయమంటే వారికే ఇన్నేళ్ళూ ఓటు వేశాను. నాకు అడక్కుండా దొరికింది గనుక విలువ తెలియలేదు. ఆ ఉత్తరం రాసిననాటికి ఫెబ్ బర్న్ సవరణ మీద ఓటు వేయగలిగిన మనిషి కాదు. అయినా తనకేం కావాలో ఆమెకు తెలుసు, చెప్పే ధైర్యమూ ఉంది.

ఈసారి ఓటర్ల జాబితా వచ్చినప్పుడు మీ పేరు మీరే వెళ్ళి చూసుకోండి. "ఆయన చూసొస్తార్లే" అనుకోకండి. నేనూ వెళతాను.

సెలవు.