కాదన్నాక కూడా ఉండనిచ్చిన చరిత్ర

అసైలం కేసు కొట్టేశాక మనిషి విమానం ఎక్కాల్సిందేనా? బ్రిటన్ చరిత్రలో దీనికి జవాబు ఎప్పుడూ ఒకేలా లేదు. కొందరిని పంపేశారు, కొందరిని ఉండనిచ్చారు. చాలాసార్లు ఆ తేడా హోమ్ ఆఫీసు విచక్షణ వల్ల వచ్చిందే. "ఒకసారి అసైలం వేసేస్తే ఎప్పటికైనా పేపర్లు ఇస్తారు" అనే మాట మనవాళ్ల మధ్య ఇంకా తిరుగుతోంది కాబట్టి ఈ కథ తెలుసుకోవడం అవసరం.

1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గానికి చెందడం అనే కారణాలతో సొంత దేశంలో వేధిస్తారన్న భయం ఉండాలి. అది కూడా ఆధారమున్న భయమై ఉండాలి. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లందరూ ఈ కొలతకు సరిపోరు. అలాగని వెనక్కి పంపడమూ కష్టమే. అలాంటివాళ్లకు రూల్స్ బయట 'ఎక్సెప్షనల్ లీవ్' అనే అనుమతి ఇచ్చేవారు. 1980ల్లో, 90ల్లో ఎందరో శ్రీలంక తమిళులు అలాగే ఇక్కడ నిలదొక్కుకున్నారు.

అదే కాలంలో, అదే దేశం నుంచి వచ్చిన విరాజ్ మెండిస్ గతి వేరేలా అయింది. 1973లో చదువుకోడానికి వచ్చి, వీసా అయిపోయాక ఉండిపోయారు. తమిళుల పక్షాన మాట్లాడిన సింహళీయుడాయన. శరణు దొరకలేదు. మాంచెస్టర్ హ్యూమ్‌లోని ఒక చర్చిలో రెండేళ్లు తలదాచుకున్నారు. మద్దతుగా ఎంత ఉద్యమం నడిచినా హోమ్ మంత్రి డగ్లస్ హర్డ్ మెత్తబడలేదు. 1989 జనవరిలో పోలీసులు చర్చి తలుపు పగలగొట్టి పట్టుకెళ్లారు, కొలంబో పంపేశారు.

2003 ఏప్రిల్‌లో ఎక్సెప్షనల్ లీవ్ తీసేసి, హ్యుమానిటేరియన్ ప్రొటెక్షన్, డిస్క్రిషనరీ లీవ్ అని రెండు పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో డేవిడ్ బ్లంకెట్ ఇంకో ప్రకటన చేశారు. 2000 అక్టోబరు 2కి ముందు అసైలం వేసి, పిల్లలున్న కుటుంబాలను ఉండనిస్తామన్నారు. 15,000 కుటుంబాల దాకా లాభపడతాయని అంచనా. ఒక్క రోజు తేడాతో తేదీ దాటినవాళ్లు బయటే మిగిలారు.

2006లో జాన్ రీడ్ మంత్రిగా ఉన్నప్పుడు 4 లక్షలకు పైగా పాత ఫైళ్లు పేరుకుపోయాయని బయటపడింది. ఐదేళ్లలో తేలుస్తామన్నారు. 2011 నాటికి లక్షా 60 వేల మందికి అటూఇటూగా ఉండే అనుమతి దొరికింది. క్షమాభిక్ష అని ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి ఇక్కడ ఉండటం, పిల్లల చదువులు, కుటుంబం ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నామంది. నిజానికి ఆఫీసు ఆలస్యమే చాలామందికి కలిసొచ్చింది.

2012 జులై నుంచి తలుపు బిగిసింది. పేపర్లు లేకపోయినా 14 ఏళ్లు ఉంటే సెటిల్‌మెంట్ అడగొచ్చన్న రూలు పోయింది, 20 ఏళ్లు అయింది. అదీ ముందు తాత్కాలిక అనుమతే, పర్మనెంట్‌కి ఇంకో పదేళ్లు. డిస్క్రిషనరీ లీవ్ కూడా రెండున్నరేళ్ల చొప్పున ముక్కలైంది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. విచక్షణ అంటే హక్కు కాదు. నిన్న ఒకరికిచ్చారని రేపు మనకిస్తారన్న హామీ లేదు. ఏజెంటు రాసిచ్చిన అబద్ధపు కథ మీద సంతకం పెడితే, తర్వాత నిజమైన కారణం చెప్పినా నమ్మడం కష్టం. నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్లు మాత్రం వెనకాడకుండా, ఆలస్యం చేయకుండా అడగాలి. అది వాళ్ల హక్కు. 1999 చట్టం ప్రకారం అర్హత లేనివాళ్లు ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడం నేరం. డబ్బు కట్టేముందు ఆ మనిషి రిజిస్టర్ అయ్యాడో లేదో చూసుకోండి. ప్రతి ఉత్తరం, ప్రతి రసీదు దాచుకోండి. పాత ఫైళ్లు తేల్చినప్పుడు ఎన్నేళ్లు ఉన్నామో చూపించడానికి పనికొచ్చినవి అలాంటి కాగితాలే.